బడికి విలేకరులు వస్తే మీరు ఏం చేస్తున్నారు? పిల్లల మొహాల సంగతి

పల్లెబడి పంతులు:
అందరికీ నమస్కారం. నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని. మా హెచ్ఎం (హెడ్‌మాస్టర్) గారు సెలవు పెడితే ఇన్‌ఛార్జి నేనే. పోయిన గురువారం మా బడిలో జరిగింది చెప్తాను, మీ దగ్గర ఇలాంటప్పుడు ఏం చేస్తున్నారో చెప్పండి.

భోజనం గంట కొట్టాం, పిల్లలు కుళాయి దగ్గర పళ్ళేలు కడుక్కుంటున్నారు, అప్పుడు బండి మీద ఇద్దరు వచ్చారు. ఒకాయన చేతిలో ఛానెల్ లోగో ఉన్న మైకు, ఇంకొకాయన ఫోన్లో వీడియో ఆన్ చేసుకునే గేటు దాటాడు. యూనిఫాం రెండో జత ఇంకా రాలేదని ఎవరో చెప్పారట. నిజమే, రాలేదు, అందులో దాచేదేం లేదు. నేను చెయ్యి కడుక్కుని "సార్ ఆఫీసు రూంలోకి రండి" అనేలోపే మూడో తరగతి పిల్లాణ్ణి ఒకణ్ణి పిలిచి "అటు తిరుగు నాన్నా" అన్నారు. వాడు తిరిగాడు. పెద్దవాళ్ళు తిరగమంటే తిరుగుతాడు కదా. భుజం కింద జానెడు చిరుగు, అదే దగ్గరగా తీశారు.

సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులన్నిట్లో అదే వీడియో. మొహం చూపించలేదు కదా మాస్టారూ అని ఆ విలేకరి ఫోన్లో నాతో వాదించాడు. మా ఊళ్ళో ఆ వీపు ఎవరిదో తెలియని వాళ్ళు ఎవరున్నారు? పైగా పక్కనే వాళ్ళ చెల్లి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది, ఆ పాప మొహం పూర్తిగా కనిపిస్తోంది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ వచ్చింది. కేకలేమీ వెయ్యలేదు. ఆ చొక్కా తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది, రాత్రికి రాత్రే కుట్టినట్టుంది, లేత రంగు చొక్కాకి నల్ల దారం, ఇంట్లో అదే ఉందేమో. "మా ఇంట్లో సూది లేదనుకున్నారా సారూ, నాకొక మాట చెప్తే కుట్టి పంపేదాన్ని కదా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పిల్లాడు అప్పట్నుంచి బడికి రావట్లేదు.

గోదారి గట్టు:
చాలా బాధగా ఉంది మాస్టారూ. మేమైతే ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి పర్మిషన్ లేకుండా ఎవర్నీ లోపలికి రానివ్వం, గేటుకి తాళం వేసేస్తాం. 2025 ఆగస్టులో మన ఏపీలో పార్టీ కండువాలేసుకుని బయటివాళ్ళు బడుల్లోకి రాకూడదని ఉత్తర్వులు వచ్చాయి కదా, ఆ కాపీ ఒకటి గేటు లోపల అంటించి పెట్టుకున్నాం. అందరికీ అదే చూపిస్తాం.

స్ట్రింగర్ అన్న:
గోదారి గట్టు మేడం, కండువాల మీదొచ్చిన ఉత్తర్వు విలేకరికి చూపిస్తే ఎట్లా? ఆ తాళం గురించే మాట్లాడాలె. నేను పదకొండేండ్ల నుంచి మండలంల రిపోర్టర్ని, జీతం లేదు, వార్తకింత అని లైన్ అకౌంట్ ఇస్తరు, దానికి తోడు యాడ్స్ టార్గెట్. ఇన్నేండ్లల్ల నేను జూసింది ఏందంటే గేటుకు తాళం పడ్డ రోజు లోపల ఏదో ఉన్నట్టే. పురుగుల బియ్యం గేటు మూసిన బడిలనే దొరికినయ్, పెచ్చులూడిన స్లాబు కింద పిల్లల్ని కూసోబెట్టిన క్లాస్ రూం కూడా గేటు మూసిన బడిలనే.

2019ల ఉత్తరప్రదేశ్ మీర్జాపూర్‌ల ఏమైంది యాదికున్నదా? మధ్యాహ్న భోజనంల పిల్లలకు రొట్టె, ఉప్పు పెడుతున్నరని ఒక విలేకరి వీడియో తీస్తే ఆయన మీదనే కేసు పెట్టిన్రు, కుట్ర అన్నరు. దేశమంతా గొడవైనంక డిసెంబర్‌ల క్లీన్ చిట్ ఇచ్చిన్రు. ఆ వీడియోనే లేకపోతే ఆ పిల్లలు ఇంకెన్ని దినాలు ఉప్పుతోని తినేటోళ్ళో. అందుకని పిల్లల ప్రైవసీ అనంగనే నాకు భయమైతది, ఆ మాట వెనక దాక్కునే ఆఫీసర్లు మస్తుమంది ఉన్నరు.

కానీ పంతులు సార్ చెప్పిన పని మాత్రం తప్పే. పిల్లగాణ్ణి అటు తిరుగు ఇటు తిరుగు అనుడేంది? యూనిఫాం రాలేదన్న వార్తకు స్టాకు రిజిస్టర్ ఫొటో చాలు, కెమెరా ముందర ఎంఈఓ చెప్పిన మాట, బైట్ అంటం, అది చాలు.

నల్లకోటు:
నేను జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను, చట్టం ఎంతవరకు పనికొస్తుందో చెప్తాను, ఎందుకంటే దీని మీద అందరికీ సగం సగం తెలుసు.

జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 74. నేరం ఆరోపణ ఉన్న పిల్లలు, నేరానికి బాధితులో సాక్షులో అయిన పిల్లలు, సంరక్షణ అవసరమైన పిల్లలు, వీళ్ళ మీద జరిగే విచారణ, దర్యాప్తు, కోర్టు వ్యవహారం గురించి రాసేటప్పుడు పేరు గానీ అడ్రస్ గానీ స్కూల్ పేరు గానీ, గుర్తుపట్టడానికి దారితీసే ఇంకే వివరమైనా గానీ బయటపెట్టకూడదు. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పేపరు, టీవీ అని ఆగలేదు, ఇతర సమాచార మాధ్యమాలు అని కూడా రాశారు కాబట్టి యూట్యూబ్, వాట్సాప్ కూడా తప్పించుకోలేవు. లైంగిక దాడి అయితే పోక్సో 2012, సెక్షన్ 23. అందులో ఫొటో, కుటుంబ వివరాలు, ఉండే చోటు కూడా చేర్చారు, శిక్ష ఆరు నెలల నుంచి ఏడాది దాకా, లేదా జరిమానా, లేదా రెండూ. జమ్మూ ప్రాంతంలోని కఠువాలో లైంగిక దాడికి, హత్యకి గురైన పాప పేరు, ఫొటో వేసినందుకు 2018లో ఢిల్లీ హైకోర్టు పెద్ద పెద్ద మీడియా సంస్థల చేత తలా పది లక్షలు కట్టించింది. అదే ఏడాది డిసెంబర్లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది, పేరు రాయకపోయినా వివరాలన్నీ కలిపితే మనిషి తెలిసిపోయేలా రాయడం కూడా తప్పేనని.

ఇప్పుడు పంతులు గారి పిల్లాడి సంగతికి వద్దాం. వాడు బాధితుడూ కాదు, సాక్షీ కాదు, వాడి మీద ఏ విచారణా లేదు. చిరిగిన చొక్కా వేసుకున్న మామూలు పిల్లాడు. సెక్షన్ 74 వాడికి సూటిగా వర్తించదు. ఘోరం జరిగిన పిల్లకి చట్టం అడ్డు నిలబడుతుంది, పేదరికం చూపించడానికి నిలబెట్టిన పిల్లాడికి అంత సూటిగా నిలబడే సెక్షన్ లేదు. వాడికి అడ్డం నిలబడాల్సింది బడే. గేటు దగ్గర మీరు ఏం చేస్తారన్నదే వాడికి ఉన్న రక్షణ.

పల్లెబడి పంతులు:
నల్లకోటు గారూ థాంక్స్, ఈ తేడా నాకు ఇప్పటిదాకా తెలియదు. నేను కేసు పెట్టొచ్చేమో అనే ఆలోచిస్తూ కూర్చున్నాను.

సైన్స్ మేడం:
నేను గురుకులంలో పనిచేస్తాను, ఆడపిల్లల హాస్టల్. మా దగ్గర ఒకసారి రాత్రి ఫుడ్ పాయిజన్ అయింది, ముప్పై మందికి పైగా పిల్లల్ని ఏరియా ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అరగంటలో కెమెరాలు వార్డులోకి వచ్చేశాయి. పడుకున్న బట్టల్లో ఎలా ఉన్న పిల్లల్ని అలా తీసుకొచ్చాం, నైటీల్లో ఉన్నారు, చున్నీలు లేవు, వాంతులు చేసుకుంటున్నారు, చేతికి సెలైన్. ఆ స్థితిలో మొహం మీద లైటు వేసి "ఏం తిన్నావమ్మా, పురుగులు ఉన్నాయా" అని మైకు పెట్టారు. పదో తరగతి అమ్మాయి ఒకతి సెలైన్ లేని చేత్తో మొహం కప్పుకుంది, ఆ చెయ్యి తియ్యమని కెమెరా ఆయన బతిమాలుతున్నాడు. నేను వెళ్ళి మధ్యలో నిలబడ్డాను. అయితే మర్నాడు వార్తలో "మీడియాను అడ్డుకున్న టీచర్" అని నేనే వచ్చాను. మెమో కూడా వచ్చింది నాకు.

ఏడాదైనా ఆ వీడియో నెట్‌లో ఉంది. ఆ అమ్మాయికి ఇప్పుడు ఇంటర్.

అమ్మనే అడుగుతున్న:
సైన్స్ మేడం, మీరు అడ్డం నిలబడ్డరు, మీకు దండం. కానీ నేను తల్లిని, నా మాట గూడ ఇనున్రి. నా బిడ్డ హాస్టల్ల సదువుతది. దానికి పాణం బాగలేదని, దవాఖానల ఉన్నదని నాకు బడోళ్ళు చెప్పలే, వార్డెన్ ఫోన్ చెయ్యలే. మా పక్కింటామె టీవీల సూసి ఉరికొచ్చి చెప్పింది, గా మంచం మీద మీ పిల్ల లెక్కనే ఉన్నదే అని. అప్పుడు బస్సు లేదు, ఆటో మాట్లాడుకొని అర్ధరాత్రి పోయినం. గా కెమెరా రాకపోతే నాకు తెల్లారి గూడ తెల్వకపోవు. ఇప్పుడు మీరందరు కలిసి గేటు బంద్ జేసుకుంటే మా అసుంటోళ్ళకు ఎవరు చెప్తరు? 2024 నవంబర్ల నారాయణపేట జిల్లా మాగనూరు బడిల అన్నం తిని వారం తిరగకముందే మళ్ళ పిల్లలు పడిపోయిన్రు, అది పేపర్లల్ల టీవీలల్ల వచ్చినంకనే గదా హైకోర్టు గూడ గట్టిగ అడిగింది.

సైన్స్ మేడం:
అక్కా, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఆ రాత్రి మా దగ్గర కూడా ముందు పై ఆఫీసర్లకి ఫోన్లు వెళ్ళాయి, తల్లిదండ్రులకి ఆఖర్న వెళ్ళాయి. అసలు తప్పు అక్కడే మొదలైంది. మేము ముందే ఫోన్లు చేసి ఉంటే మిమ్మల్ని టీవీ పిలవాల్సిన అవసరం వచ్చేది కాదు. ఇది ఒప్పుకోకుండా నేను ప్రైవసీ గురించి మాట్లాడకూడదు.

ఎనిమిదో బెంచీ:
చాలారోజులుగా చదవడమే తప్ప రాయలేదు, ఈ టాపిక్ చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను పేపర్లో వచ్చిన పిల్లని.

పదకొండేళ్ళప్పుడు. మా నాన్న చనిపోయాక సెలవుల్లో అమ్మతో పాటు మిరపకాయలు కొయ్యడానికి వెళ్ళేదాన్ని, క్లాసులో ఫస్ట్ వచ్చేదాన్ని. ఎవరో చెప్తే విలేకరి వచ్చారు, చాలా మర్యాదగానే మాట్లాడారు. ఫొటోకి మాత్రం బుట్ట నెత్తిన పెట్టుకోమన్నారు, నేను బుట్ట నడుం మీదే పెట్టుకునేదాన్ని. జిల్లా పేజీలో సగం వచ్చింది. మా పేరు, ఊరు, నాన్న ఎలా చనిపోయాడో కూడా రాశారు. అది ఎలా జరిగిందో అప్పటికి మా చెల్లికి మేము చెప్పలేదు, దాని క్లాసులో పిల్లలు చెప్పారు.

అబద్ధం చెప్పను, సాయం వచ్చింది. ఎవరెవరో మనియార్డర్లు పంపారు, ఒక డాక్టర్ గారు ఇంటర్ దాకా ఫీజు కట్టారు. ఆ వార్త రాకపోతే నేను ఇవాళ ఈ ఉద్యోగంలో లేను. కానీ ఇంజినీరింగ్ ఫస్టియర్లో సీనియర్లు ఆ పేపర్ కటింగ్ ఎక్కడో పట్టుకుని హాస్టల్ నోటీస్ బోర్డు మీద పెట్టారు. పెళ్ళి సంబంధం వాళ్ళు నెట్‌లో నా పేరు కొట్టి చూశారు. ఇప్పటికీ కొత్త ఆఫీసులో చేరినప్పుడల్లా ఎవరు చూసి ఉంటారా అని ఉంటుంది.

సాయం కావాలంటే కథ రాయండి. పేరు మార్చండి, ఊరు తీసెయ్యండి, డబ్బు హెచ్ఎం ద్వారానో బ్యాంకు ద్వారానో రానివ్వండి. అప్పుడు కూడా ఆ డాక్టర్ గారు ఫీజు కట్టేవారనే నా నమ్మకం. ఆయనకి నా మొహంతో పని లేదు, ఒక్కసారి కూడా నన్ను చూడ్డానికి రాలేదు.

స్ట్రింగర్ అన్న:
చెల్లే, నీ పోస్టు రెండుసార్లు చదివిన. నేను గూడ ఇట్లాంటి స్టోరీలు ఇరవై దాకా రాసిన. మంచి చేసిన్నని మస్తు సంబురపడ్డ. ఒక్కరికి గూడ తర్వాత ఫోన్ చేసి ఎట్లున్నవ్ బిడ్డా అని అడగలే.

ఆఫీసుల కూసోని వార్తలు దిద్దే డెస్క్ సంగతి గూడ చెప్పాలె. నేను పురుగుల ఉప్మా ఫొటో పంపిస్తే, గంటెల పురుగు సాఫ్ కనవడుతున్నది, ఇంకేం కావాలె? "పిల్లలు లేకుండా ఏం ఫొటో అన్నా, ఏడుస్తున్న విజువల్ ఉంటే పంపు" అన్నరు. ఏడ్చే పిల్ల లేకపోతే లోపలి పేజీ, ఉంటే ఫస్ట్ పేజీ. మేం అదే ఎతుక్కుంట పోతం. ఇక మా తర్వాత వచ్చిన ఫోన్ ఛానెళ్ళకు డెస్కు గూడ లేదు, వద్దనేటోడు ఎవ్వడు లేడు.

డల్లాస్ నాన్న:
మేము టెక్సాస్‌లో ఉంటాం, పాప ఇక్కడ పబ్లిక్ స్కూల్లో చదువుతోంది. ఇక్కడంతా గొప్పగా ఉందని చెప్పడానికి రాయట్లేదు, ఒక్క కాగితం గురించి చెప్తాను. ప్రతి ఏడాది బడి మొదలయ్యేటప్పుడు ఒక ఫారం ఇస్తారు, మీ పాప ఫొటో బడి వెబ్‌సైట్లో పెట్టొచ్చా, పత్రికల వాళ్ళు వస్తే తియ్యనివ్వొచ్చా అని విడివిడిగా అడుగుతారు. వద్దని టిక్ పెడితే ఆ లిస్టు ఆఫీసులో ఉంటుంది. టీవీ వాళ్ళు ఏదో సైన్స్ ఫెయిర్‌కి వచ్చినప్పుడు మా పాపని, ఇంకో నలుగుర్ని టీచర్ మెల్లగా లైబ్రరీకి పంపేసింది, పిల్లలకి ఎందుకో కూడా తెలియలేదు. 1974 నుంచి ఫెర్పా అని చట్టం ఉంది, అది పిల్లల రికార్డులు బడి బయటపెట్టకుండా ఆపుతుంది, ఫొటో లాంటివి డైరెక్టరీ సమాచారం అంటారు, వద్దనే హక్కు తల్లిదండ్రులది. పత్రికని మాత్రం ఆ చట్టం ఆపదు. అందుకే ఈ ఫారం బడి పెట్టుకుంది.

గోదారి గట్టు:
ఫారం ఆలోచన బాగుంది గానీ సార్, మన దగ్గర అడ్మిషన్ రోజు పది కాగితాల మీద వేలిముద్ర వేయించుకుంటాం, పదకొండోది కూడా వాళ్ళు వేసేస్తారు.

తరగతి గది:
ఇంకో మాట కూడా అనుకోవాలి ఇక్కడ. మీడియాని అంటున్నాం, మనం ఏం చేస్తున్నాం? రోజూ భోజనం ఫొటో పైకి పంపాలి, హాజరుకి ఫొటో, ఏ కార్యక్రమం పెట్టినా ఫొటో, ఏపీలో ఒకప్పుడు మరుగుదొడ్ల ఫొటోలు కూడా మా చేత తీయించారు. దాత గారు నోటు పుస్తకాలు ఇస్తారు, ఒక్క పుస్తకాన్ని పది మంది పెద్దవాళ్ళు పట్టుకుంటారు, అవతల పిల్ల చేతులు చాచి నిలబడాలి. ఆ ఫొటో ఎవరు తీస్తున్నారు? మనమే. బడి ఫేస్‌బుక్ పేజీలో పెట్టేది మనమే. నేను చెప్పుల జతలు పంచినప్పుడు పాత చెప్పులతో ఒక ఫొటో, కొత్త చెప్పులతో ఒక ఫొటో తీశాను, దాత అడిగారని. పిల్లల పాదాలు మాత్రమే తీశాను గానీ పోస్టులో పేర్లన్నీ రాశాను. ఇది చదివాక వెళ్ళి తీసేశాను.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టంలో పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని ఉంది కదా, మనం మన ఫోన్లలో దాచుకున్న ఈ ఫొటోలకి ఎవరి అనుమతి ఉంది?

నల్లకోటు:
తరగతి గది గారు చెప్పినది ముఖ్యం. ఆ చట్టంలో సర్కారు పథకాలకి కొన్ని మినహాయింపులున్నాయి, అవి చూపించి తప్పించుకోవచ్చేమో గానీ దాత కోసం తీసిన ఫొటో పథకం కిందికి రాదు.

విలేకరిని ఆపే విషయంలో కూడా రెండు ముక్కలు. బడి ప్రభుత్వ స్థలమే గానీ తరగతి జరుగుతుండగా ఎవరైనా నడిచి వచ్చే బజారు కాదు, లోపలికి రావడానికి హెచ్ఎంని అడగాలి. అలాగని గేటు బయట నిలబడి బడి గోడ, పైకప్పు ఫొటో తీసుకుంటే మీరు ఆపలేరు, ఆపకూడదు. చెయ్యి ఎత్తొద్దు, ఫోన్ లాక్కోవద్దు, అలా చేస్తే వార్త మీ మీదకి మళ్ళుతుంది, సైన్స్ మేడం గారికి జరిగినట్టు.

సైన్స్ మేడం:
ఆ మెమో తర్వాత మా ప్రిన్సిపాల్ మేడం, నేను కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం, రాతలో ఉంది. ఏదైనా అయితే మొదటి గంటలో నలుగురు టీచర్లు ఫోన్లు పట్టుకుని తల్లిదండ్రులకే చెయ్యాలి, తరగతుల వారీగా నంబర్ల పుస్తకం స్టాఫ్ రూంలో కట్టేసి ఉంటుంది. ఇంకొకరు ఆస్పత్రిలో వార్డు తలుపు దగ్గర, డ్యూటీ డాక్టర్‌కి చెప్పి లోపలికి కెమెరాలు రాకుండా చూడాలి. విలేకరులకి ప్రిన్సిపాల్ బయటికి వచ్చి ఎంతమంది, ఎలా ఉన్నారు, ఏం తిన్నారు, శాంపిల్ ఎక్కడికి పంపాం అన్నీ చెప్తారు. దాచకుండా చెప్పాలి, అదే షరతు. వంటగది, స్టోర్ రూం వీడియో తీసుకోమంటాం. ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు 1964 నాటివి, మేము ఎవరం పడితే వాళ్ళం మాట్లాడకూడదు, అందుకే ఒక్కరే మాట్లాడతారు. బండికి ఒక దుప్పట్ల మూట కూడా కట్టి పెట్టాం, పిల్లల్ని బండి ఎక్కించేటప్పుడు కప్పడానికి. చిన్న విషయంలా ఉంటుంది గానీ ఆ రాత్రి ఒక్క దుప్పటి ఉన్నా ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చేది కాదు.

అమ్మనే అడుగుతున్న:
గీ పద్ధతి మంచిగున్నది మేడం. నంబర్ల పుస్తకంల మా ఆయన నంబర్ ఒక్కటే రాయకున్రి, ఆయన లారీ మీద ఉంటడు, నా నంబర్ గూడ రాయమని చెప్పున్రి అందరికి.

స్ట్రింగర్ అన్న:
పంతులు సార్, ఆ వీడియో లింక్ నాకు పంపున్రి. ఆ ఛానెలాయన ఏ జిల్లా అయినా మాకు గ్రూపులుంటయ్, మాట్లాడి తీపిస్త. యూనిఫాం రాని ముచ్చట మాత్రం వదలద్దు, స్టాకు వివరం ఇయ్యున్రి, మొహాలు లేకుంటనే వార్త ఎట్లొస్తదో మా దోస్తు చేత రాయిపిస్త.

పల్లెబడి పంతులు:
స్ట్రింగర్ అన్నా, లింక్ పంపాను, నిన్న సాయంత్రం తీసేశారు. వాట్సాప్‌లో తిరుగుతున్నది ఎలాగూ ఆగదు, ఊరి గ్రూపు అడ్మిన్లు ఇద్దరు మాత్రం తీసేసి, మళ్ళీ పెట్టొద్దని రాశారు.

మిగతా సంగతి. మొన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాడు మంచం కింద దూరాడు, నన్ను చూసి కాదు, నా చేతిలో ఫోన్ చూసి. ఫోన్ వాళ్ళమ్మ చేతికిచ్చి కూర్చున్నాను. కాసేపటికి బయటికొచ్చాడు. లెక్కల హోంవర్క్ అడిగాడు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఎస్ఎంసీలో, అంటే బడి యాజమాన్య కమిటీలో, కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, కమిటీ మొత్తంలో సగం ఆడవాళ్ళు ఉండాలి కదా, శనివారం మూడింటికి మీటింగ్ పెట్టాం, వాళ్ళమ్మని కూడా రమ్మన్నాను, మొదట రానంది, తర్వాత ఆ కాయితం ఏందో నాకు చదివి వినిపిస్తేనే వేలేస్తా అంది. కాగితం ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి: "బయటివాళ్ళు ఎవరొచ్చినా ముందు ఆఫీసు రూంలో పేరు రాయాలి. వంటగది, బియ్యం, గోడలు, రిజిస్టర్లు చూడొచ్చు, ఫొటో తీసుకోవచ్చు. అమ్మో నాన్నో పక్కన లేకుండా పిల్లల్ని ఏమీ అడగకూడదు, నిలబెట్టకూడదు, తిప్పకూడదు. మా బాబు/పాప ఫొటో బడి వాళ్ళు తియ్యొచ్చు/వద్దు. పేపర్ వాళ్ళు తియ్యొచ్చు/వద్దు. ఈ మాట ఎప్పుడు మార్చుకోవాలన్నా మార్చుకోవచ్చు."

ఎనిమిదో బెంచీ:
మాస్టారూ, నాలుగో తరగతి పైన ఉన్న పిల్లల్ని కూడా అడగండి, వాళ్ళకి ఇష్టమేనా అని. మా అమ్మ అప్పుడు సరే అంది. నన్నెవరూ అడగలేదు.

పల్లెబడి పంతులు:
చేర్చాను అమ్మా. అమ్మానాన్నల వరస కింద ఇంకో వరస గీశాను, పిల్లలు వాళ్ళ పేరు వాళ్ళే రాసుకోవడానికి.